మా ఊరి మేనేజరు, వాళ్ల ఊరి అల్లుడు

మా ఆయన మా ఊరి ఫుట్‌బాల్ జట్టును వదిలేసి ఎదుటి ఊరి జట్టుకు వెళ్లిపోయాడన్న సంగతి నాకు ఒక జాకెట్టు కొలతల దగ్గర తెలిసింది.

నేను ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఆ రోజు పొద్దున చర్చి వీధి నుంచి ఒకామె వచ్చి చేతులు చాపి నిలబడింది. నేను టేపు ఆమె చుట్టూ తిప్పుతుంటే, "ఏందక్కా, మీ ఆయన బురదోళ్లకు పోయినాడంటనే? నువ్వే పంపిస్తివంట గదా?" అంది.

తెలియదంటే పరువు పోతుంది. తెలుసంటే అత్తింట్లో చోటు పోతుంది. అందుకని "చెయ్యి కాస్త పైకెత్తు" అన్నాను. ఆ జాకెట్టు చంకల దగ్గర బిగుతుగా వచ్చింది. దానికి బాధ్యత నాది కాదు.

మాది మైపాడుకు కాస్త ఎడంగా సముద్రం ఒడ్డునున్న ఊరు. మాది అంటే మా అత్తగారిది. నేను పుట్టింది కొడవలూరు వైపు, వరి పొలాల మధ్య. ఒకే చర్చికి చెందినవాళ్లమని చూసుకుని నన్ను ఇక్కడికిచ్చారు. ఈ రెండు ఊళ్లు పెళ్లిళ్లకు పిలుచుకుంటాయి, చేపలు బియ్యం పంపుకుంటాయి, ఫుట్‌బాల్ దగ్గర మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోవు. మా వాళ్లు తుఫాను షెల్టరు పక్కన ఇసక నేలలో ఆడతారు కాబట్టి ఇసకోళ్లు. వాళ్లు కోతలయ్యాక ఎండిన పొలంలో వరి మోళ్ల మధ్య ఆడతారు కాబట్టి బురదోళ్లు. ఎండిన పొలంలో బురద ఎక్కడుంటుందని కొత్తకోడలిగా ఉన్నప్పుడు అడిగాను. ఆ ప్రశ్నను మా అత్త ఇప్పటికీ క్షమించలేదు.

మా ఆయన నెల్లూరులో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టారు. సాయంత్రం బస్సు దిగి, టీ తాగి, షెల్టరు దగ్గరికి వెళ్లి ఊరి పిలకాయలకు ఆట నేర్పేవాడు. మొదట్లో అందరూ కోచ్ అనేవాళ్లు. ఆ తర్వాత మా వీధి చివర చికెన్ కొట్టు నడిపే తమ్ముడు పేరు మార్చాడు. అతను ఫోన్‌లో విదేశీ మ్యాచ్‌లు చూస్తూ కోళ్లు కొడతాడు. గోల్ పడే సమయంలో ఎవరైనా కిలో అడిగితే ముప్పావు కిలో వస్తుంది. "ఫారిన్‌లో కోచ్ అనరన్నా, మేనేజరంటారు" అన్నాడు. అంతే, మా ఆయన మేనేజరయ్యాడు. మా అత్త పొంగిపోయింది. బ్యాంకులో ఉండే మేనేజరుకూ తన కొడుక్కూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, ఆయన కూర్చుంటాడు, మావాడు నిలబడతాడు అని చెప్పేది.

ఆ రోజు సాయంత్రం ఆయన బడి నుంచి రాకముందే మా పంచ నిండిపోయింది. నడిమధ్యన ప్లాస్టిక్ కుర్చీలో మా పెదమావ. ఈయన మా అత్తకు అన్న. పడవ ఉంది, జట్టుకు బంతులు, బనీన్లు కొనిస్తాడు కాబట్టి ఆటంతా తనకు తెలుసని నమ్మకం. ఆయన పక్కన చేతులు కూడా కడుక్కోకుండా వచ్చేసిన చికెన్ కొట్టు తమ్ముడు. గోడ వెంబడి ఊళ్లోని మిగతా నిపుణులు. చావింటికి వచ్చినట్టే వచ్చారు, కాకపోతే చావింట్లో టీ అడగరు.

"వాడు చేతగానోడని నేనెప్పుడో చెప్పినా" అన్నాడు పెదమావ. "ముందర ఒక్కణ్ణే పెట్టి ఆడిస్తాడు. ఒక్కడేం చేస్తాడు?"

"అయితే పోయింది మంచిదే గదా మావా" అన్నారు గోడ దగ్గర ఎవరో.

"మంచిదెట్టా అవతాది? వాడు పోతే మనకు దిక్కెవరు?"

చేతగానివాడు పోతే దిక్కులేకుండా ఎలా పోతామో నాకు అర్థం కాలేదు. పంచలో ఉన్న మగవాళ్లందరికీ మాత్రం అర్థమైనట్టే ఉంది. అందరూ తలలూపారు.

చికెన్ కొట్టు తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. అతను ప్రాణం పెట్టుకున్న విదేశీ జట్టు మేనేజరు కూడా ఎప్పుడో ఎదుటి జట్టుకు వెళ్లిపోయాడట. ఆ దెబ్బ నుంచి అతనింకా తేరుకోలేదు. "ఆటగాడు పోవచ్చు మావా. వాడు కాళ్లతో పోతాడు. మేనేజరు పోతే మన తెలివంతా పోతాది. మన కార్నర్లు, మన ఫ్రీకిక్కులు, గోల్ కాసే మన గోలీకి ఎడమచేయి రాదనే సంగతి, అంతా మూటగట్టుకుని పోయినట్టే."

"గోలీకి ఎడమచేయి రాదా?" అన్నాడు గోలీ వాళ్ల నాన్న, గోడ దగ్గర నుంచి లేస్తూ.

అక్కడి నుంచి కాసేపు వాదన గోలీ చేతుల మీద నడిచింది. ఎడమ అయ్యాక కుడి. ఆ పిల్లాడికి రెండు చేతులూ రావని ఒక వర్గం, వెలుతురు సరిగా లేకనే వదిలేస్తున్నాడని ఇంకో వర్గం. నేను టీ గ్లాసులు పట్టుకుని మధ్యలో తిరుగుతున్నాను. మా అత్త గుమ్మంలో కూర్చుని రొయ్యలు వలుస్తోంది. కొడుకు మీది కోపమంతా రొయ్యల తలల మీద చూపిస్తోంది.

చివరికి పెదమావ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. "ఇంకేం మాటలు. కోడలిది ఆ ఊరే గదా. పుట్టింటోళ్లు అడిగినారు, ఈమె చెవిలో వేసింది, వాడు పోయినాడు."

పంచలో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఇంతసేపు ఆఫ్‌సైడ్ మీద కూడా ఏకాభిప్రాయానికి రాని మనుషులు ఈ ఒక్క మాటకు ఒక్కటైపోయారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నీళ్ల కంటే ముందు కోపం వచ్చింది. నోరు తెరిచేలోపే గుమ్మంలో నుంచి మా అత్త అందుకుంది.

"అన్నా, నా కోడలు చెప్తే వాడు ఇనేవోడే అయితే, బాత్‌రూమ్ తలుపు ఎప్పుడో బాగుపడుండేది. పోయిన వానాకాలం నించీ తాడు కట్టుకుని స్నానాలు చేస్తా ఉండాం. ఫుట్‌బాల్ మాట ఒక్కటే ఇన్నాడా?"

ఈ సాక్ష్యం ముందు ఎవరూ నిలవలేకపోయారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మా అత్త నన్ను వెనకేసుకొచ్చింది అదే మొదటిసారి. నేను కృతజ్ఞతగా చూశాను. ఆమె నా వైపు చూడకుండా, "నిలబడి చూస్తావేంది, గ్లాసులు తియ్యి" అంది.

సరిగ్గా అప్పుడే మా ఆయన వచ్చాడు. మెడలో విజిల్, చేతిలో టిఫిన్ క్యారేజీ. పంచలో కూర్చున్న జనాన్ని చూసి వెనక్కి తిరుగుదామా అని ఒక్క క్షణం ఆలోచించినట్టున్నాడు.

"ఏందిరా, నిజమేనా?" అన్నాడు పెదమావ.

"నిజమే మావా."

"ఎందుకు పోయినావు?"

ఆయన క్యారేజీ నా చేతికిచ్చాడు. "పోయిన టోర్నమెంట్‌లో నేను షెల్టరు ఎనక్కి పోయొచ్చేలోపల గోలీని మార్చేసినారు. గుర్తుండాదా మావా? చేతులెత్తించి ఓట్లేయించినారు. నేనొచ్చేసరికి కొత్త గోలీ నిలబడుండాడు. వాడి కాళ్లకు చెప్పుల్లేవు, వాడు జట్టులోనే లేడు."

"బాగా పొడుగుండాడని పెట్టినాం" అన్నాడు పెదమావ, అదేదో మామూలు విషయమైనట్టు.

"ఆ ఊర్లో నేను చెప్తే ఎవరూ ఎదురు మాట్లాడరు మావా. చెప్పింది చేస్తారు. నాకది చాలు."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. పంచలో వాళ్లు ఆ మాట మీద చీకటి పడేదాకా ఎదురు మాట్లాడుకున్నారు.

అందరూ వెళ్లాక నేనడిగాను. "ఊరందరికీ తెలిసినాక నాకు జాకెట్టు కుట్టించుకునే ఆమె చెప్పాల్నా?"

"నీకు చెప్తే నువ్వు వద్దంటావు. మీ ఊరి పేరు మధ్యలో వస్తాదని భయపడతావు. నీకు తెలియదంటే నిన్నెవరూ ఏమనరులే అనుకున్నా" అన్నాడు తల దించుకుని.

ఆయన లెక్క అది. నాకు తెలియకపోతే నన్ను ఎవరూ అనరట. ఫుట్‌బాల్‌లో ఎంత ముందుచూపు ఉందో సంసారంలోనూ అంతే ఉంది. రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. మా అత్త అంతకుముందే మానేసింది. ఆమెకు మాట్లాడకుండా శిక్షించడం చాలదు. చేపల పులుసు చేసి, అందరికీ ముక్కలు వేసి, ఆయనకు ఉత్త పులుసు పోసేది. "ముక్కలు బురదోళ్లు పెడతారులే" అనేది, గోడకు చెబుతున్నట్టు.

ఊళ్లో ఆయన్ని జట్టు ఫోన్ గ్రూపులోంచి తీసేశారు. తీసేశాక అందరూ ఆయన్ని తిడుతూ మెసేజ్‌లు పెట్టుకున్నారు. రెండు రోజుల్లో ఒక ఇబ్బంది బయటపడింది. ఎంత తిట్టినా ఆయనకు కనపడటం లేదు. దాంతో మళ్లీ గ్రూపులో చేర్చుకుని, మొదటి నుంచి తిట్టారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు నమ్మకద్రోహం మీద ప్రసంగించారు. ఎవరినీ ఉద్దేశించి కాదని మధ్యమధ్యలో ఆయనే చెప్పారు. చెప్పిన ప్రతిసారీ జనమంతా మా బెంచీ వైపు తిరిగి చూశారు.

నా దగ్గర కుట్టించుకునే ఆడవాళ్లు కొందరు నిరసనగా పక్క వీధిలో ఇంకో టైలరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె కుట్టిన జాకెట్లు తొడుక్కున్నాక, ద్రోహి భార్యే నయమని ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

ఇక మా పుట్టింటి సంగతి చూడాలి. సెలవుల్లో మా అమ్మను చూడటానికి వెళ్లినప్పుడు, సాయంత్రం ఆయన వెంట పొలంలోకి నేనూ వెళ్లాను. మోళ్లు కొట్టేసి, సున్నంతో గీతలు గీసి, గట్టు మీద ఒక కుర్చీ వేశారు. కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిచారు. పక్కన స్టూలు మీద కొబ్బరిబోండాం. వాళ్లు మేనేజరును పిలుచుకోలేదు. ఊరి అల్లుణ్ణి పిలుచుకున్నారు.

అల్లుడి మాటకు ఎదురు చెప్పడం మా ఊళ్లో మర్యాద కాదు. "ఐదు చుట్లు పరిగెత్తండి" అంటే పరిగెత్తారు. ఆయన ఆపమని చెప్పడం మరిచిపోతే పరిగెడుతూనే ఉన్నారు. నా చిన్నాన్న కొడుకు బాగా గురిగా తన్నేవాడు. వాణ్ణి వెనక నిలబెట్టాడు. వాడు "సరే బావా" అన్నాడు. మళ్లీ ముందుకు రమ్మన్నాడు. "సరే బావా." గోల్ పోస్టులో నిలబడమన్నా "సరే బావా" అనేవాడే. ఆట మధ్యలో ఆయన కావాలనే ఒక తప్పు మాట చెప్పినట్టు నాకనిపించింది. ఎవరైనా "అదెట్టా బావా?" అంటారేమోనని చూశాడు. ఎవరూ అనలేదు. మా నాన్న గట్టు మీద నుంచి, "అల్లుడుగారు చెప్పింది శ్రద్ధగా వినండ్రా" అన్నాడు.

తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. "మీ ఊరోళ్లు మంచోళ్లు" అన్నాడు.

"అయితే మొహం అట్ట పెట్టుకుని ఉండారెందుకు?"

"బంతి కూడా వీళ్లకు ఎదురు తిరగతా ఉండాది. వీళ్లు మాత్రం తిరగరు."

ఆ ఎండాకాలం టోర్నమెంట్‌లో రెండు జట్లూ మొదటి మ్యాచ్‌లోనే తలపడ్డాయి. ఆట మా షెల్టరు మైదానంలోనే. మా అమ్మానాన్నలు ఊరి వాళ్లతో ట్రాక్టరులో వచ్చారు. మా అత్త ఇసకోళ్ల వైపు అందరికంటే ముందు చాప వేసుకుంది. నన్ను ఏ వైపు కూర్చోమంటారో అని రెండు వైపులా చూశాను. ఎవరూ పిలవలేదు. షెల్టరు మెట్ల మీద, ఎవరికీ చెందని చోట కూర్చున్నాను. అక్కడ ఎండ ఎక్కువ, తిట్లు రెండు వైపుల నుంచీ సమానంగా వినపడతాయి.

మా ఆయన పోయాక ఇసకోళ్లు కొత్త మేనేజరును పెట్టుకోలేదు. కమిటీ వేసుకున్నారు. పెదమావ, చికెన్ కొట్టు తమ్ముడు, గోలీ వాళ్ల నాన్న, ఇంకా గొంతు ఉన్న ప్రతి ఒక్కరూ కమిటీయే. ఒకరు ముందుకు పొమ్మంటే ఒకరు వెనక్కి రమ్మన్నారు. పిలకాయలు కాసేపు అందరి వైపూ చూసి, ఎవరి మాటా వినకుండా మా ఆయన ఇన్నేళ్లు నేర్పిన ఆటే ఆడారు. బురదోళ్లేమో ఆయన మాట ఒక్కటే విన్నారు. గీత దగ్గర నుంచి కదలొద్దని చిన్నాన్న కొడుక్కి చెప్పాడు. సగం ఆట అయ్యాక బంతి వాడి ముందు నుంచే దొర్లుకుంటూ పోయింది. రెండడుగులు వేస్తే దొరికేది. వాడు మా ఆయన వైపు చూశాడు, పర్మిషన్ కోసం. ఆ లోపల ఇసకోళ్ల కుర్రాడు వచ్చి తన్నేశాడు. గోల్.

అదొక్కటే గోలు. ఇసకోళ్లు గెలిచారు.

గెలిచాక రావాల్సిన సంతోషం రాలేదు మా వాళ్లకు. కాసేపు కేకలు వేశారు, పిలకాయలను భుజాలకెత్తుకున్నారు, మళ్లీ దించేశారు. ఏళ్ల తరబడి ఓడిపోయి మా ఆయన్ని తిట్టడం అలవాటైన జనం. ఇప్పుడు గెలిచి ఎవరిని ఏమనాలో తెలియక తువ్వాళ్లు దులుపుకుంటూ నిలబడ్డారు. పెదమావకు ఓపిక చాలలేదు. మైదానానికి అడ్డంగా నడిచి, బురదోళ్లు ఇక్కడికీ తెచ్చి తువ్వాలు పరిచిన కుర్చీ దగ్గరికి, అంటే మా ఆయన దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ కొట్టుకుంటారని నేను మెట్ల మీద నుంచి లేచాను.

"ఒరే, బుద్ధుండాదా నీకు? ఆ గురిగా కొట్టేవాణ్ణి గీతకాడ కట్టేస్తావా? వాణ్ణి మధ్యలో వదిలుంటే మేం చచ్చుండేవోళ్లం గదరా!"

మా ఆయన లేచి నిలబడ్డాడు. వారాల తర్వాత ఆయన మొహంలో వెలుగు చూశాను. "మధ్యలో వదిలితే ఎడమ పక్క ఎవురు కాస్తారు? నువ్వు కాస్తావా మావా?"

"ఎడమ పక్క మా దగ్గర ఎవరుండారన్నా కాయడానికి? గాలికి కాపలా పెట్టినావు" అన్నాడు అప్పటికే పరిగెత్తుకొచ్చిన చికెన్ కొట్టు తమ్ముడు.

ఇక చూడాలి. కర్ర పుల్లతో ఇసకలో గీతలు గీశారు, చెరిపారు, మళ్లీ గీశారు. మా పుట్టింటి వాళ్లు దూరంగా నిలబడి బిత్తరపోయి చూస్తున్నారు. "అల్లుడుగార్ని అట్ట తిడతా ఉండారేందమ్మా?" అని మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తిట్టడం లేదమ్మా, మాట కలిపినారు" అన్నాను. ఆ పూట మా అత్త ఆయన కంచంలో పులుసుతో పాటు తలకాయ ముక్క కూడా వేసింది. "ఎడమ పక్క ఎందుకు వదిలేసినావురా?" అని అడిగింది వడ్డిస్తూ. ఆమెకు ఎడమ పక్క ఏదో తెలియదు, అడగాలని మాత్రం తెలుసు.

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం బురదోళ్లకు ఆట నేర్పి ఆయన బస్సు దిగగానే చికెన్ కొట్టు దగ్గర ఆపేసేవాళ్లు. బురదోళ్ల జట్టును ఎలా ఆడించాలో ఇసకోళ్లందరూ ఆయనకు పాఠాలు చెప్పారు. వాణ్ణి ముందు పెట్టు, వీణ్ణి తీసెయ్యి, మా గోలీకి ఎడమచేయి రాదు కాబట్టి అటే కొట్టించు. ఈ చివరి సలహా ఇచ్చింది గోలీ వాళ్ల నాన్న. ఆయనా వాదన వేడిలో ఏం చెబుతున్నాడో చూసుకోలేదు. మా ఆయన అన్నిటికీ ఎదురు చెప్పేవాడు, ఇంటికొచ్చాక చిరునవ్వుతో కాళ్లు కడుక్కునేవాడు. మర్నాడు పొలంలో అవే చెప్పేవాడు. అక్కడ అందరూ "సరే బావా" అనేవాళ్లు.

మరుసటి ఎండాకాలం బురదోళ్లు మా వాళ్లను ఫైనల్లో చిత్తుగా ఓడించారు. గోల్స్ అన్నీ ఎడమ వైపే పడ్డాయి.

ఆ సాయంత్రం మా పంచ మళ్లీ నిండింది. ద్రోహి ఎవరో తేల్చడానికి వచ్చారనుకుని నేను ముందే టీ పెట్టాను. వాళ్లు వచ్చింది అందుకు కాదు.

"గురిగా కొట్టేవాణ్ణి మధ్యలో వదలమని చెప్పింది నేను" అన్నాడు పెదమావ.

"నువ్వు చెప్పింది పోయినేడు మావా. ఈ ఏడు వాడి ఎనకాల ఇంకొకణ్ణి పెట్టమని ప్లాన్ గీసిచ్చింది నేను. కోళ్లు ఎగిరిపోతా ఉన్నా వదిలేసి గీసిచ్చినా" అన్నాడు చికెన్ కొట్టు తమ్ముడు.

"ఎడమచేతి సంగతి నాది" అన్నాడు గోలీ వాళ్ల నాన్న, గర్వంగా.

సొంత జట్టును ఓడించిన ఘనత కోసం ఇంతమంది పెద్దమనుషులు కొట్లాడుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. మా ఆయన గోడకానుకుని అందరి మాటా వింటూ, అందరినీ కాదంటూ, హాయిగా ఉన్నాడు. ఆయన బురదోళ్లను వదలలేదు. వదిలితే ఊరి అల్లుడు అలిగినట్టవుతుంది, మా నాన్న తలెత్తుకోలేడు. వాళ్లూ ఆయన్ని తీసేయలేరు. అల్లుణ్ణి తీసేసే పద్ధతి మా పుట్టింటి ఊళ్లో లేదు.

బురదోళ్లు కప్పును మర్యాదగా మా ఇంటికే పంపారు, అల్లుడి దగ్గర ఉండటం శుభమని. మా అత్త దాన్ని టీవీ పక్కన పెట్టి, రోజూ పాత చీర ముక్కతో తుడిచింది. ఇసకోళ్లు రోజుకు కొందరు వచ్చి చూసి పోయేవాళ్లు. ఒకరోజు పెదమావ దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, తీర్పు చెప్పాడు. "కప్పు మనూళ్లోనే ఉండాది గదా. ఇంక మనం ఓడిపోయిందేడ?" దీనికి మాత్రం ఒక్కరూ ఎదురు చెప్పలేదు.

తర్వాత మా అమ్మ ఫోన్ చేసింది. ఊరి పిలకాయలు కప్పుతో ఫోటో దిగాలంటున్నారట, ఎప్పుడు పంపిస్తారని అడిగింది. నేను తడబడుతుంటే మా అత్త ఫోన్ లాక్కుంది.

"ఏం తొందరొదినా, అల్లుడింట్లోనే గదా ఉండాది. పిలకాయల్నే ఇక్కడికి పంపండి, చేపలొండి పెడతా."